నీళ్లు గుట్టెక్కిన ద్వీపం

సిద్దిపేట,
4-7-1994.

మహారాజశ్రీ దామోదర్ బావగారి సముఖానికి, బావమరిది రామేశ్వర్ చేతులు రెండూ కట్టుకొని, పెన్ను మాత్రం వదలకుండా విన్నవించుకునేది. ఇక్కడ నేను క్షేమం. గాజు బల్ల క్షేమం. దాని కింది ట్యూబులైటు కరెంటు ఉన్నంతసేపు క్షేమం. అక్కడ మీరూ, మా స్వరాజ్యలక్ష్మి అక్కా చల్లగా ఉన్నారని తలుస్తాను. క్షేమంగా లేనిదల్లా ఒక్క ద్వీపమే.

హైదరాబాదు నుంచి మీరు పంపిన ఆజ్ఞ అందింది. ఏడో నంబరు షీటు మీద నేను సాయంత్రం గీసి వదిలిన గీతలు పొద్దుటికి మారి ఉంటున్నాయని నేనే కదా ఫిర్యాదు చేశాను. ఆ పని ఎవరిదో కనిపెట్టమన్నారు. రుజువైతే ఆ మనిషిని నెలాఖరుకు పంపించేస్తానన్నారు. షీటు అనుకున్న తేదీకి పూర్తయితే నన్ను హైదరాబాదు ఆఫీసులో పర్మనెంటు చేస్తానని కూడా రాశారు. ఆ ఆఖరి వాక్యాన్ని మిగతా ఉత్తరం కన్నా ఎక్కువ శ్రద్ధతో చదివానని ఒప్పుకుంటున్నాను.

మీ తర్వాత అక్క కూడా ఈ ఉత్తరం చదువుతుంది కాబట్టి, ఆమె తమ్ముడు చేసే ఘనకార్యం ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పనివ్వండి. అక్కా, ఎక్కడో సముద్రం నడుమ ఒక ద్వీపం ఉంది. ఏడాది పొడవునా ఉక్కా, వానా, దట్టమైన అడవీ. నిరుడు తుఫాను వచ్చి తీరంలో మూడు వందల కుటుంబాల ఇళ్లు ఊడ్చుకుపోయింది. వాళ్లకు లోపలి భూమిలో కొత్త ఊరు ఎక్కడ కట్టాలో తేల్చడానికి పటం కావాలి. ఉపగ్రహం మీదినుంచి ఫోటో తీసింది. ఏ చోటు ఎంత ఎత్తుందో చుక్కలూ అంకెలూ వేసిన అద్దంలాంటి ఫిల్ము ఒకటి వేరే వచ్చింది. ఆ ఫోటో మీద ఈ ఫిల్ము పరిచి, ఒకే ఎత్తున్న చుక్కలను కలుపుతూ గీతలు గీసి, చదునైన చోటు చూసి ‘ఊరు ఇక్కడ’ అని గుర్తు పెట్టాలి. ఆ గుర్తు పెట్టే చెయ్యి నాది. సముద్రాన్ని ఇంతవరకు సినిమాలో తప్ప చూడనివాడి చెయ్యి.

మన ఆఫీసు కింద బట్టల దుకాణం నడిపే సోమశేఖర్ గారు మాత్రం ఇదంతా బూటకమని, మనం గీసేది సిద్దిపేట పటమేనని గట్టిగా నమ్ముతున్నారు. మొన్న పైకి వచ్చి, షీటంతా కలియజూసి, “ద్వీపమంటివి, సముద్రమేది?” అని అడిగారు. ఏడో నంబరు షీటు ద్వీపం నడిమి ముక్క అనీ, సముద్రం మిగతా షీట్లలో ఉందనీ చెప్పాను. “మంచిగ జెప్పినవు. గీ ఎర్రగున్నదంత చెల్క భూమి గాదా? గీ నల్లగీత కరీంనగర్ రోడ్డు గాదా? నా జాగ మీదికెళ్లి ఏమన్న రోడ్డు పోతదా చెప్పు, ఎవ్వనికి చెప్ప” అన్నారు గొంతు తగ్గించి. ఉపగ్రహం ఫోటోలో అడవే ఎర్రగా పడుతుందన్నాను. “అడివి ఎర్రగుంటదా! డిగ్రీ సదివినవని నన్ను పిచ్చోన్ని జేస్తున్నవా?” అని కోపంగా దిగిపోయారు. అంచేత ఊళ్లో అనుమానించేవాడిని నేనొక్కడినే కాదు.

ఇక అనుమానితుడు. ఈ ఆఫీసులో ఉండేది ఇద్దరం. నా గీతలు నేనే చెరిపి ఉంటే నాకు తెలిసేది. తర్కశాస్త్రం ప్రకారం మిగిలింది రాజమల్లయ్య.

ఈయన సర్వే కచేరీలో ముప్పై ఏళ్లు భూములు కొలిచే చైను లాగి రిటైరైన మనిషని మీకు తెలుసు. అక్కడ ఆయనను పేరు పెట్టి పిలిచినవాడు లేడట, “ఏయ్ చైన్” అనేవారట. మీరు తెచ్చి ఈ గాజు బల్ల ముందు కూర్చోబెట్టాక కింది దుకాణంవాళ్లు కూడా “సార్” అంటున్నారు. ఆ పిలుపు కోసమేనేమో, రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొని ఏడింటికే వచ్చి తాళం తీస్తాడు. నేను పదింటికి వస్తాను. ఆ మూడు గంటలు ద్వీపం ఆయన చేతిలో ఉంటుంది. బల్ల అంచున రబ్బరు పొట్టు కనిపిస్తోంది. చదునైన నేల మీద నేను పెట్టిన ఊరి గుర్తు పక్కన, నేను గీయని గీతలు కనిపిస్తున్నాయి. ఆ ఊరు అక్కడ ఉండకూడదని ఎవరికో పట్టుదలగా ఉంది. ఎవరికి? ఎందుకు? దర్యాప్తు సాగుతోంది.

ఇట్లు,
మీ ఆజ్ఞాబద్ధుడైన గూఢచారి,
రామేశ్వర్.


సిద్దిపేట,
13-7-1994.

పూజ్యులైన బావగారికి, దర్యాప్తు అధికారి నమస్కరించి సమర్పించే రెండో నివేదిక. వానలు పడ్డాయి. గొడుగు పోయింది. మిగతా అంతా కుశలమే.

శనివారం నేను ఏడింటికే వచ్చి, మెట్ల మీద పేర్చిన బట్టల మూటల వెనక నక్కాను. ఇంత పొద్దున సిద్దిపేట ఎలా ఉంటుందో డిగ్రీ అయ్యాక మళ్లీ అప్పుడే చూశాను. తలుపు సందులోంచి చూస్తే రాజమల్లయ్య భూతద్దం కంటికి ఆనించుకొని, నా గీతను నా కళ్ల ముందే తుడుస్తున్నాడు. ఇక ఆగలేక లోపలికి దూకాను.

“ఏం జేస్తున్రు సార్?” అన్నాను.

“తుడుస్తున్న” అన్నాడు, తల ఎత్తకుండా.

“ఏం తుడుస్తున్రు?”

“తప్పు.”

“ఎవరి తప్పు?”

కొంచెం ఆలోచించి, “షీటుది” అన్నాడు. తర్వాత నా మొహం చూసి, “నీళ్లు గుట్టెక్కుతున్నయి రామేశ్వర్” అన్నాడు. దీని భావమేమిటో నాకు తెలియదు. ఇది మతిభ్రమణమైనా కావాలి, ముఠా సంకేతమైనా కావాలి. రెండూ నివేదికలో నమోదు చేశాను.

అసలు సంగతి ఆదివారం జరిగింది. షీటును చుట్టి, తువ్వాలులో దాచి, రాజమల్లయ్య హుస్నాబాద్ బస్సు ఎక్కాడు. నేను మొహానికి దస్తీ కట్టుకొని ఆఖరి సీట్లో కూర్చున్నాను. మన శాఖలో ఇంత చక్కటి మారువేషం మళ్లీ రాదు. బస్సు ఊరు దాటగానే కండక్టరు ఆయన దగ్గరికి వచ్చాడు. ఆయన బస్సంతా వినేటట్టు, “హుస్నాబాద్‌కు రెండు కొట్టు. నాదొకటి, ఎనుక సీట్ల మొఖానికి దస్తీ కట్టుకున్న పిలగానిదొకటి” అన్నాడు. బస్సు బస్సంతా వెనక్కి తిరిగింది. ఒక పెద్దమ్మ, “పంటి నొప్పా బిడ్డా? లవంగం పెట్టుకో” అంది. నేను పంటి నొప్పి ఉన్నవాడిలాగే హుస్నాబాద్ దాకా మూలిగాను.

అక్కడ బస్టాండు పక్కన చాయ్ హోటల్లో ఒక బట్టతలాయన ఎదురుచూస్తున్నాడు. బల్ల మీద సాసర్లు జరిపి షీటు పరిచారు. మన ఆఫీసు కాగితం, బయటివాడి ముందు! ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు గుసగుసలాడారు. బట్టతలాయన సరిగ్గా నా ఊరి గుర్తు మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. రాజమల్లయ్య పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. ఆ రెండో మనిషి ఎవరో, ఎవరి పక్షాన వచ్చాడో తెలియలేదు. తిరుగు బస్సులో చెప్పుకోదగింది ఏమీ జరగలేదు.

ఇవీ సాక్ష్యాలు: పొద్దున్నే రావడం, గీతలు తుడవడం, షీటు బయటికి తీసుకుపోవడం, పరాయి మనిషికి చూపించడం. ఈయనను ఇంకా ఉంచితే షీటు ఎప్పటికీ పూర్తికాదని నా అభిప్రాయం. నిర్ణయం మీది. ఈ సంగతి సోమశేఖర్ గారి చెవిలో మాత్రం వేశాను. ఆయన నోరు విప్పే మనిషి కాదు, మీకు తెలుసు.

ఇట్లు,
సత్యమే వ్రాసిన,
రామేశ్వర్.


సిద్దిపేట,
22-7-1994.

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే, నెలాఖరు దాకా ఆగకుండా చేశాను. సోమవారం పొద్దున రాజమల్లయ్యకు మీ ఉత్తరం చదివి వినిపించాను. మీ వాక్యాలు నా నోటితో చదవడం అంత సులువుగా లేదు. “ఆఫీసు కాగితాలు బయటివారికి చూపిన కారణంగా” అన్నచోట ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన మొత్తం విని, భూతద్దాన్ని చొక్కా కొసతో తుడిచి, బల్ల సొరుగులో పెట్టి, తాళంచెవి నా ముందు ఉంచారు. “నువ్వు సారుకు ఏం రాసినవో నేనడుగ. షీటు పోకముందు ఒక్కసారి వాగు జూసుకో బిడ్డా” అన్నారు. అంతే.

కింద దుకాణంలో అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. సోమశేఖర్ గారు నోరు విప్పే మనిషి కాదని రాశాను కదా, అది కూడా సరికాదని తేలింది. రాజమల్లయ్య గారు మెట్లు దిగుతుంటే ఒకడు, “ఏంది సార్, జాగల నక్ష అమ్ముకున్నవట, మాకు చెప్తే మేం కొనకపోతుమా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ఎవరివైపూ చూడకుండా వాన తగ్గేదాకా అరుగు మీద నిలబడి, తగ్గాక వెళ్లిపోయారు.

ఆయన గీతలన్నీ తీసేసి, నా గీతలు సిరాతో దిద్ది, షీటు మంగళవారం బస్సులో పంపించాను. అందిందనీ, వచ్చే సోమవారం విదేశానికి పోతుందనీ, బాగా వచ్చిందనీ రాశారు. నా పర్మనెంటు సంగతి అక్క కార్డు రాసింది. మీ వీధిలో గది కూడా చూసిందట. తీపి చేసిపెడతాను, ఆదివారం రమ్మంది.

ఇక్కడ ఇప్పుడు నేనొక్కడినే. పొద్దున్నే తాళం తీసేవాళ్లు లేక నేనే ఏడింటికి వస్తున్నాను. చేయడానికి పనేమీ లేదు.

ఇట్లు,
మీ బావమరిది,
రామేశ్వర్.

తా.క. : పైన సంతకం చేసి, కవరు అంటించి, మళ్లీ చింపి ఇది రాస్తున్నాను. తిరుగు బస్సులో ఏమీ జరగలేదని రాశాను. జరిగింది.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. “దస్తీ తియ్యి, ఉబ్బరిస్తది” అన్నారు. షీటు మా ఇద్దరి మోకాళ్ల మీద పరిచారు. ఫోటోను షీటుకు అంటించేటప్పుడు నేను అంచు కత్తిరించాను, మ్యాట్నీకి టైమవుతోందని తొందరలో. దాంతోపాటు, ఫోటోకూ ఫిల్ముకూ జత కుదిర్చే గుర్తుల్లో మూలనున్న మొదటిది పోయింది. రెండో గుర్తునే మొదటిదనుకొని ఫిల్ము పరిచాను. ద్వీపం ఎత్తులన్నీ ఒక గడి పక్కకు జరిగిపోయాయి. షీటులో సముద్రం ఉంటే అందులో కొండ లేచి అప్పుడే దొరికిపోయేవాణ్ని. ఇది నడిమి ముక్క కావడంవల్ల ఎవరికీ తెలియలేదు. ఫోటోలో వాగు కనిపిస్తున్నచోట నా అంకెల ప్రకారం నేల పైకి లేస్తోంది. నీళ్లు గుట్టెక్కడమంటే అదీ. నేను ‘ఊరు ఇక్కడ’ అని పెట్టిన చదునైన చోటు నిజానికి మూడు వాగులు కలిసే గుంట. మూడు వందల కుటుంబాలను తుఫాను నుంచి తప్పించి వరదలో పెట్టాను.

“నీకు మాట రావద్దని పొద్దుగాల కొంచెం కొంచెం సక్కజేద్దామనుకున్న. అయితలేదు, మొత్తం మళ్ల గియ్యాలె. నేనేమన్న తప్పు జూస్తున్ననా అని భూపతికి గూడ సూపిచ్చిన. నువ్వే సారుకు రాయి, నేను రాస్తే బాగుండది” అన్నారు. హోటల్లోని బట్టతలాయన భూపతి, ముప్పై ఏళ్లు చైను రెండో కొస పట్టుకున్న మనిషి. నేను సరేనన్నాను. ఇంటికి వచ్చి, నెల రోజుల పని మళ్లీ చేయాలి, పర్మనెంటు పోతుంది అనుకున్నాను. మూడు రోజుల తర్వాత మీకు ఆ రెండో ఉత్తరం రాశాను. అంతా తెలిసే రాశాను బావా. నవ్వించే ముక్కలు ఎక్కువ వేశాను, మీరు ఇంకేమీ అడగకుండా.

నిన్న, మొన్న మీ ఆఫీసుకు వచ్చి పలకకుండానే ఆగిపోయిన ఫోన్లు నావే. ఈ రోజు రాజమల్లయ్య గారి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన భార్య కొండవ్వ తలుపు పట్టుకొని, “నా పెనిమిటి నాలుగు దినాలాయె అన్నం సక్కగ తింటలేడు. గిప్పుడొచ్చినవా?” అంది. ఆయన మాత్రం, “గవన్ని తర్వాత. షీటు పోయిందా?” అని అడిగారు. అప్పటికప్పుడు ఫోన్ బూత్‌కు వెళ్లి, షీటు కదలనివ్వొద్దని మీ క్లర్కుకు చెప్పాను. రాసుకున్నాడు. మీతో మాట్లాడే ధైర్యం ఇంకా రాలేదు.

మళ్లీ పనిలోకి రమ్మని బతిమాలాను. “దొంగనని బజార్ల చెప్పినవు. కాదని గూడ బజార్లనే చెప్పాలె” అన్నారు. ఆయనను వెంటబెట్టుకొని వచ్చి సోమశేఖర్ గారి దుకాణంలో, చీరలు చూస్తున్న ఆరుగురి ముందు, ఆ పని ఎవరిదో, తప్పు ఎవరిదో గట్టిగా చెప్పాను. సిద్దిపేటలో నేను నోరు తెరిస్తే ఎవరూ నవ్వకపోవడం ఇదే మొదటిసారి. సోమశేఖర్ గారు విప్పిన చీరను అలాగే పట్టుకొని నిలబడ్డారు.

రాజమల్లయ్య సార్ అరుగు మీద నిలబడి అంతా విన్నారు. మెట్లు మాత్రం ఎక్కలేదు. “పొమ్మన్నది దామోదర్ సారు. రమ్మనాల్సింది గూడ ఆయననే” అన్నారు. వాళ్ల ఇంటి అడ్రసు కవరు వెనక రాశాను. నన్ను ఏం చేసేదీ తర్వాత ఆలోచించండి. ఆయనకు మాత్రం ఈ రోజే రాయండి, నా చేతికి కాదు, ఆయన పేరు మీద.