సెలెక్ట్ కాలేదక్కా, ఇంకా చూస్తున్నరు

లింబాయత్, సూరత్
మంగళవారం

సుజాతక్కకు తమ్ముడు రమేశ్ దండం పెట్టి రాసేది.

నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరా? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? నా పానం మంచిగనే ఉంది. జ్వరం గిట్ల ఏం లేదు, కడుపునిండ తింటున్న, ముందే చెప్తున్న, ఉత్తరం చూసి బుగులు పడకు. ఫోన్ల చెప్పే ముచ్చట కాదిది. నువ్వు ఫోన్ ఎత్తంగనే బావ స్పీకర్ పెడతడు, నలుగురు ఇంటరు. ఇటు బట్ట నేసే సాంచల మోతల నేను ఒర్రాలె. అందుకే మా రూముల ఉండే మల్లేశన్న ఊరికొస్తుంటే ఆయన చేతికిస్తున్న. తొవ్వల ఇప్పి చదువుతడని తెలుసు. చదువన్నా, నీకు తెల్వందేం లేదు.

అక్కా, మొన్న "సెలెక్ట్ అయినవారా" అని అడిగితే "అయిన" అని ఫోన్ పెట్టేసిన. అబద్ధం చెప్పిన. కాలేదు. ఓడిపోయి కాదు. పదిహేను వందల మీటర్లు ఉరికి, ఇక్కడి దివ్యాంగుల పోటీల మొదలొచ్చింది నేనే. గెలిచినంక, దేశం పోటీలకు పంపాల్నంటే చెయ్యి పరీక్ష చెయ్యాలన్నరు. అక్కడ ఆగింది.

గదిల ఇద్దరు డాక్టర్లు, ఫైల్ పట్టుకున్న ఒక మేడం. నా ఎడమ చెయ్యిని బల్ల మీద పెట్టమని టేపుతోని కొలిచిన్రు. ఒకాయన ఈ పొట్టి చెయ్యి దివ్యాంగుల లెక్కకు సరిపోతదన్నడు. ఇంకొకాయన మళ్ల కొలిచి సరిపోదన్నడు. జాకెట్ గుడ్డకు కొలిచినట్టు కొలుస్తున్నరు. గప్పుడు పెద్ద డాక్టర్ హిందీల అడిగిండు, "ఈ చేత్తోని నీకు ఏ పనులు కావు?"

నాకు ఎక్కడో కాలింది. "కానిదేముంది సాబ్? అన్నీ అయితయి" అన్న. జేబుల పోగు ముక్కలు ఎప్పటికి ఉంటయి గదా, తీసిన. వేళ్లు లేని ఆ మొండి చెయ్యితోని ఒక కొసను ఛాతికి అదిమిపెట్టి, కుడిచేత్తోని తిప్పి, పండ్లతోని గుంజి ముడి ఏసిన. "లెక్కపెట్టున్రి" అన్న. నాలుగు ముళ్లు ఏసేదాక ఆగలే. మేడం చప్పట్లు కొట్టింది. డాక్టర్ "షాబాష్" అని ఏదో రాసుకున్నడు. ఛాతి ఇరుసుకొని బయటికొచ్చిన.

బయట కోచ్ సర్ కూసున్నడు. రెండేండ్ల కింద పొద్దుగాల ఆయన నేర్పే పోరగాండ్లను నేను దాటిపోతుంటే ఆపి పేరడిగిన గుజరాతీ సర్, నీకు చెప్పిన గదా, ఆయనే. జరిగింది చెప్పంగనే నెత్తి కొట్టుకున్నడు.

"అరే పాగల్! వాళ్లేమన్న నీకు నౌకరీ ఇస్తున్నరా?"

నేనేం చెయ్యాలక్కా? సూరత్ వచ్చిన రోజు సేఠ్ నా చెయ్యి చూసి వాపస్ పొమ్మన్నడు. ముళ్లు ఏసి చూపిస్తేనే సాంచల మీద నిలబెట్టిండు. బడిల కబడ్డీకి సర్ తీసుకోకపోతేనే గ్రౌండ్ చుట్టు ఒక్కన్నే ఉరుకుడు మొదలుపెట్టిన. పుట్టినకాంచి "నాకైతది, నాకైతది" అని చూపిచ్చుడే సరిపోయింది. ఇప్పుడొచ్చి ఏం కాదో చెప్పమంటే నోట్లెకెంచి ఎట్లొస్తది?

డాక్టర్లు ఇంకా ఏం తేల్చలే, వచ్చే ఆదివారం పొద్దుగాల మళ్ల ఉరికిస్తరట. వాళ్లు గ్రౌండ్ పక్కన నిలబడి చూసి, ముచ్చట అడిగి తేలుస్తరట. గట్టిగ ఉరికితే వీనికి ఏం లోపముంది అంటరు. మెల్లగ ఉరికితే వీన్ని ఎందుకు పంపాలె అంటరు. నిద్ర సక్కగ పడుతలేదు. తీసేస్తే రెండు చేతులోళ్లతోని ఉరకాలె, వాళ్లల్ల నేను ఏడోన్నో ఎనిమిదోన్నో. సర్ ఇంకెందుకు నా మీద పొద్దు పోగొట్టుకుంటడు? ఇన్నేండ్లు నన్ను చెయ్యి లేనోడు అన్నోళ్లే ఊర్ల దొంగ సర్టిఫికెట్ గాడు అంటరు. గది తలుచుకుంటేనే ఒళ్లు మండుతది.

బావ వాట్సాప్‌ల నా ఫోటో పెట్టిండు. యూత్ వాళ్లు బస్టాండ్ కాడ ఫ్లెక్సీ కడ్తమంటున్నరట. వద్దని చెప్పక్కా, నీ కాళ్లు మొక్కుత. తప్పు బావది కాదు, నాదే, ఆయన్ని తిట్టకు. అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు.

మల్లేశన్న ఒక ఉపాయం చెప్పిండు. "చెయ్యి జర ఏలాడేసి ఉరుకురా. చూసేటోళ్లకు అయ్యో పాపం అనిపియ్యాలె."

"నువ్వు గూడ పక్కపొంటి కుంటుకుంట రా, ఇంకా పాపమనిపిస్తది" అన్న.

"మంచి చెప్తే నీకెక్కదు" అని బీడీ ముట్టిచ్చుకున్నడు.

నవ్విన గని, నీకు దాచుడెందుకు, నిన్న పొద్దుగాల అట్లనే చేసి చూసిన. ఎడమ చెయ్యి ఊపకుంట ఏలాడేసి ఉరికిన. రెండో చుట్టుకే నడుము ఒక దిక్కు గుంజింది. ఆగిపోయిన. గ్రౌండ్ల ఎవ్వలు లేరు, అయినా సిగ్గయింది. గప్పుడే సర్ వచ్చి "ఏమైంది, వీపు పట్టిందా" అన్నడు.

ఇగ నిజం చెప్పిన. నేను మామూలుగ ఉరికినా వీపు పడుతది సర్, రోజు పడుతది. ఎడమ చెయ్యి పొట్టిగుంది గదా, సరిసమానం చేసుకునేటందుకు భుజం ఎక్కువ తిప్పాలె. మలుపు కాడ ఒళ్లు బయటికి గుంజుతది. ఆఖరి చుట్టుల కుడి పక్క మొత్తం బిగుసుకపోతది. అందుకే చివర్ల ఎనుకవడుత, దమ్ము లేక కాదు.

సర్ నా భుజం పట్టి చూసిండు. "రెండేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"చెప్తే తీసేస్తవనుకున్న."

"డాక్టర్ అడిగింది గదేరా" అన్నడు.

ఏలాడేసుడు బంద్. ఆదివారం నాకెంత దమ్ముంటే అంత ఉరుకుత. అయిపోయినంక సర్‌కు చెప్పింది డాక్టర్ల ముంగట చెప్పాలె. ఉరుకుడుకు భయం లేదు, గా చెప్పుడుకే. వాళ్లు నమ్ముతరో లేదో తెల్వది. నమ్మకపోయినా ఆ రోజే ఫోన్ చేస్త, ఏమైందో ఉన్నదున్నట్టు చెప్త. స్పీకర్ పెట్టుకున్నా సరే.

ఇక్కడ వానలు తగ్గి ఉక్కపోత మొదలైంది. మెస్సుల పప్పుల బెల్లమేస్తరు, మూడేండ్లయినా నోటికి పడుతలేదు. మల్లేశన్న తిరిగొచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం పంపు. బావకు, అమ్మకు నా దండాలు. పెద్దవ్వను అడిగిన్నని చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించుమని అందరి కాళ్లు మొక్కుత.

అక్కా, నీకు గూడ ఎన్నడు చెప్పలే, నువ్వు ఏడుస్తవని. వాళ్ల ముంగట చెప్పేముందు నీకు రాస్తున్న. ఈ చెయ్యితోని నాకు ఇబ్బంది అయితదక్కా.

నీ తమ్ముడు,
రమేశ్