పన్నుకో ప్రయాణం

1956 జూలై 4, బుధవారం. ఆళ్లగడ్డ

ఈ డైరీ ఎరువుల అంగడివాళ్లు మా ఆయనకు ఇచ్చింది. ఆయనకు సంతకం తప్ప మరో అక్షరం రాదు. అందుకని నేను రాస్తున్నాను. చదివేవాళ్లు లేరు కాబట్టి దాచే పని లేదు. కిటికీలోనే పెడతాను.

పన్ను నొప్పి. లవంగం పెట్టాను, ఇంగువ పెట్టాను, పక్కింటి చెన్నమ్మ చెప్పిన చెట్ల మందులన్నీ పెట్టాను. నంద్యాలలో పళ్ల డాక్టరు ఉన్నాడట. బండి కట్టిస్తానన్నాడు ఆయన. ఈ దవడతో అంత దూరం బండిలో పోతే పన్నుకంటే ముందు ప్రాణం ఊడుతుందన్నాను. బస్సుకు పోతానన్నాను.

బస్సంటే ఆయనకు పడదు. డెబ్బై దగ్గరపడినా ఇంతవరకు ఎక్కలేదు. ముందర ఎద్దు తోక కనపడకుండా పోయేది ప్రయాణమే కాదంటాడు. కానీ నా మూలుగుకు ఆయనకూ నిద్ర లేదు. చివరికి సరేనన్నాడు.

జూలై 11, బుధవారం

బస్సెక్కాను. ఎక్కాను అనడం తప్పు. ఎక్కించారు. మెట్టు నా మోకాలికంటే ఎత్తు. సాగనంపడానికి వచ్చిన చెన్నమ్మ కింది నుంచి తోసింది. కండక్టరు ఓబులేసు పైనుంచి లాగాడు. వడ్ల మూటలాగా లోపల పడ్డాను. మూటనైతే ఇంకాస్త మర్యాదగా వేసేవాళ్లు.

డ్రైవరు యేసుదాసు వెనక ఆడవాళ్ల సీట్లు. అన్నింట్లో నాలాంటి ముసలివాళ్లే. ఒకామె కంటికని వచ్చింది, ఒకామె మోకాలికని, ఇంకొకామె కోడలి మీద కోపం వచ్చి వచ్చింది. అడిగితే అందరం ఆసుపత్రికే అన్నాం. శిరివెళ్ల దాటేసరికి ఒకరి రోగాలు ఒకరికి కంఠస్థం.

డాక్టరు రాజరత్నం నెమ్మదస్తుడు. నా నోరు చూసి, పుచ్చిపోయినవన్నీ పీకేసి కట్టుడు పళ్ల సెట్ వేస్తానన్నాడు. ఇవాళ ఒకటి పీకాడు. మిగతావి వచ్చే వారం ఒకేసారి తీసేద్దామన్నాడు.

బస్టాండుకు తిరిగి వస్తుంటే స్టేషన్ వెనక వీధి మలుపు తగిలింది. మా చెల్లెలు నాగేశ్వరమ్మ ఇల్లు ఆ వీధిలోనే. కాసేపు నిలబడ్డాను. బస్సు హారన్ కొట్టింది. వచ్చేశాను.

జూలై 12

గంజి తాగాను. ఆ మలుపే కళ్లలో ఉంది.

జూలై 15, ఆదివారం

మా నాగి మొహం చూసి పదకొండేళ్లు. అంతా ఒక ఎద్దు వల్ల.

నాగి మొగుడు సుబ్బయ్య మా ఆయనకు ఆ ఎద్దును అమ్మాడు. చూడటానికి రాజాలాగా ఉండేది. తీరా మడక కట్టి దున్నబోతే పొలంలో పడుకుంది. లేపితే లేచింది. వెనక మడక ఉందో లేదో చూసుకుని మళ్లీ పడుకుంది. మా ఆయన సంతలో పదిమంది ముందర సుబ్బయ్యను దొంగ అన్నాడు. అంతటితో రాకపోకలు పోయాయి. ఎద్దును తిరిగి అమ్మలేదు ఈయన. అమ్మితే నేనూ దొంగనే అవుతానన్నాడు. అది మా కొట్టంలో పడుకునే ముసలిదై చచ్చిపోయింది.

రెండేళ్ల కిందట సుబ్బయ్యకు జబ్బు ముదిరిందని కబురొచ్చింది. ఈయన పోలేదు. నన్నూ పోనివ్వలేదు. తరువాత పోయాడని ఇంకో కబురొచ్చింది. అప్పుడూ అంతే.

జూలై 18, బుధవారం

డాక్టరు దగ్గరికి తరువాత పోవచ్చనుకున్నాను. నోరు బాగుండగానే నాగి ఇంటికి పోయాను.

తలుపు సగం తీసి చూసింది. జుట్టు మొత్తం నెరిసింది. ఏడుస్తుందనుకున్నాను.

"బస్సుకు వచ్చినావా, బండికా?" అని అడిగింది.

బస్సుకు అన్నాను.

"అయితే బావకు తెలీదు" అని తలుపు పూర్తిగా తీసింది.

తరువాత ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూనే అది చక్కిలాలు పెట్టింది. ఏడుస్తూనే నేను తిన్నాను. పన్ను విరిగినంత పనైంది. పీకేదే కదా అని ఓర్చుకున్నాను.

డాక్టరు ఒకేసారి మూడు పీకుతానన్నాడు. వద్దన్నాను. వయసైంది, రక్తం తక్కువ, వారానికొకటి చాలన్నాను. ఆయన నాడి చూసి రక్తం బాగానే ఉందమ్మా అన్నాడు. లేదని నేను అన్నాను.

జూలై 25

ఒక పన్ను. నాగి అలసంద వడలు చేసింది.

ఆగస్టు 1

ఒక పన్ను. నాగి మోకాళ్లకు నూనె రాసి వచ్చాను. బస్సులో అందరూ నా చెల్లెలు ఏమందని అడిగారు. డాక్టరు ఏమన్నాడని ఒక్కరూ అడగలేదు.

ఆగస్టు 8, బుధవారం

పుచ్చినవి అయిపోయాయి. నొప్పి లేని ఒక పన్ను చూపించి, ఇది కూడా నొప్పేనన్నాను. డాక్టరు దాన్ని అటూ ఇటూ కదిపాడు. చిన్న కడ్డీతో కొట్టాడు. అదేమో బండరాయిలాగా ఉంది. ఇది ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుందన్నాడు. నాకు దిగులు పుట్టి కళ్లనీళ్లు వచ్చాయి. పన్ను బాగుందంటే ఏడ్చిన పేషెంటును ఇదే మొదటిసారి చూడటమన్నాడు.

చివరికి నిజం చెప్పాను. ఆయన కడ్డీని పక్కన పెట్టేశాడు. సెట్ కొలతలకు కనీసం నాలుగు బుధవారాలు రావాలి, కావాలంటే అయిదు అన్నాడు. దేవుడు ఆయనను చల్లగా చూడాలి.

ఆగస్టు 22, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం బస్సు ఆళ్లగడ్డ ఇంకా కొంచెం దూరముందనగా వక్కిలేటి వాగు దగ్గర ఆగిపోయింది. యేసుదాసు ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. ఓబులేసు తిప్పాడు. మగవాళ్లంతా దిగి తోశారు. మేము ముసలివాళ్లం లోపలే కూర్చున్నాం. దిగితే మళ్లీ ఎక్కించేదెవరు?

అప్పుడు ఎదురుగా మా బండి వచ్చింది. బస్సు రాలేదని చూసి ఈయనే తోలుకొచ్చాడు. బస్సు చుట్టూ ఒకసారి నడిచాడు. పెళ్లికొడుకును చూసే మామలాగా చేతులు వెనక కట్టుకుని చూశాడు. తరువాత ఎద్దులను విప్పి, మోకులు తెప్పించి, బస్సు ముందుకు కట్టాడు.

మా ఎద్దులు బస్సును లాగాయి. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. యేసుదాసు స్టీరింగ్ పట్టుకుని తలవంచుకు కూర్చున్నాడు. ఈయన ఎద్దుల పక్కన నడిచాడు. ముప్ఫై ఏళ్లవాడి నడక. నాకు కూడా గర్వమేసింది.

బస్టాండులో అందరూ ఈయనను పొగుడుతుంటే ఓబులేసు గుడ్డసంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా, సంచి మర్చిపోతాండావు. మీ చెల్లెలు పదిలంగా ఇయ్యమని చెప్పింది."

పాపం, మంచికే చెప్పాడు.

ఈయన సంచిని చూశాడు. నన్ను చూశాడు. ఎద్దులను బండికి కట్టుకుని ఒక్కడే పోయాడు. నేను నడిచి వచ్చాను.

ఆగస్టు 23

మాట లేదు.

ఆగస్టు 24

ఇంక బస్సు లేదన్నాడు. అదొక్కటే మాట.

ఆగస్టు 29, బుధవారం

బస్సు మా వీధి మొదట్లో ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. ఎప్పుడూ అక్కడ ఆగదు. నేను వంటింట్లోనే ఉన్నాను. నా సగం సెట్ నంద్యాలలోనే ఉంది.

సెప్టెంబర్ 5, బుధవారం

ఇవాళ కూడా హారన్.

సెప్టెంబర్ 9, ఆదివారం

దేవుడున్నాడు. ఈయనకు పన్ను నొప్పి.

సెప్టెంబర్ 11

కుడి దవడ గుమ్మడికాయంత అయింది. లవంగం, ఇంగువ, చెన్నమ్మ మందులు అన్నీ అయ్యాయి. పొద్దున బండి కట్టించుకుని బయలుదేరాడు. వీధి చివరిదాకా పోయి, దవడ రెండు చేతులతో పట్టుకుని దిగి నడుచుకుంటూ వచ్చాడు. బండి ఖాళీగా వెనక వచ్చింది.

రేపు ఏ వారమని అడిగాడు. బుధవారమన్నాను.

సెప్టెంబర్ 12, బుధవారం, రాత్రి

బస్సులో ముసలివాళ్లంతా లేచి ఈయనకు ముందు సీటు ఇచ్చారు. గౌరవం కాదు, తమాషా చూడటానికి. ఈయన కిటికీ కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా "హో, హో" అన్నాడు. కొంతసేపు ఓర్చుకుని యేసుదాసు వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"పెద్దాయనా, దీనికి చెవుల్లేవు. బ్రేకు నా కాలికిందుంది."

శిరివెళ్ల దగ్గర ఈయన మొహం తెల్లబడింది. తలపాగా విప్పి అందులోకే కక్కాడు. ఓబులేసు నిమ్మకాయ ఇచ్చాడు. కంటికని వచ్చే ఆమె కొంగుతో విసిరింది. మోకాలికని వచ్చే ఆమె వీపు రాసింది. ఇంతమంది ఆడవాళ్లు ఈయనను ఎప్పుడూ పట్టించుకోలేదు.

నంద్యాలలో దిగితే ఎదురుగా నాగి. నేను రాకపోయినా ప్రతి బుధవారం బస్టాండుకు వచ్చి చూసి పోతోందట. ఈయనను చూసి నిలబడిపోయింది. ఈయనకు తల తిరుగుతోంది, కళ్లు సరిగా ఆనడం లేదు. ఎవరో చెంబుతో నీళ్లిస్తే తాగాడు. తాగాక ఎవరిచ్చారో చూశాడు. నాగి చెంబు తీసుకుని మాతో నడిచింది.

డాక్టరు దగ్గర కొత్త కాంపౌండరు పేషెంటు పేరు అడిగాడు. ఈయన నోరు తెరవలేడు. నేను మొగుడి పేరు ఎలా చెబుతాను? బేతంచెర్ల దగ్గర కొండమీద ఉండే స్వామి పేరన్నాను. అతనిది మద్రాసు వైపట, అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అతను నరసింహం అని రాసుకున్నాడు. స్వామి నరసింహుడే, కానీ మావైపు ఆయనను పిలిచే పేరు వేరు. అప్పుడు నాగి ముందుకొచ్చి సరైన పేరు, ఊరు, వయసు అన్నీ చెప్పింది. నీకేమవుతాడమ్మా అని అడిగాడు.

"మా బావ" అంది.

పన్ను వేళ్లు లోతుగా ఉన్నాయట. చాలాసేపు పట్టింది. నోటి నిండా దూది కుక్కి, సాయంత్రం దాకా మాట్లాడొద్దన్నాడు డాక్టరు. బస్సుకు ఇంకా టైముంది. ఎండ. నాగి దారి తీసింది. వద్దనడానికి ఈయనకు నోరు లేదు.

ఇంట్లో ఈయనను పీట మీద కూర్చోబెట్టి నాగి మొదలుపెట్టింది. పదకొండేళ్లది. ఎద్దు పడుకుంటుందని సుబ్బయ్యకూ తెలియదట. అతనూ ఎవరి దగ్గరో కొన్నదేనట. సంతలో ఆ మాట పడ్డాక మళ్లీ ఏ సంతకూ పోలేదట. మా కూతురి పెళ్లికి పిలుపు రానప్పుడు ఆ రోజంతా అతను భోంచేయలేదట. ఈయన మధ్యలో రెండుసార్లు దూది తీయబోయాడు. "డాక్టరు చెప్పినాడు కదా బావా" అని నాగి చేయి పట్టుకుని ఆపింది. నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

తరువాత దాని గొంతు తగ్గింది.

"పోయే దినం పొద్దున్నుంచి అదే అడిగినాడు బావా. అన్న రాలేదా, అన్న రాలేదా అని. బస్సుకు వస్తే యాళకు వచ్చేటోడివి, నువ్వు ఎక్కవని ఆయనకు తెలుసు. బండి కట్టుకొని వస్తాండాడు, పొద్దుపోతాది అని చెప్పినా. సరే, నిదానంగా రానీలే అన్యాడు."

ఆ మాట నాకూ ఇంతవరకు చెప్పలేదు.

 ఈయన చేత్తో అడిగాడు, ఏ మంచం అని. నాగి చూపించింది. పీట మీది నుంచి లేచి ఆ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. బస్సు టైమయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. నాగి గంజి ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. మా ఇంట్లో గ్లాసులు ఎక్కడుంటాయో కూడా తెలియని మనిషి.

తిరుగు బస్సులో ఒక్క "హో" కూడా అనలేదు. ఓబులేసు నిమ్మకాయ ఇవ్వబోతే వద్దన్నట్టు తలూపాడు. వక్కిలేరు దాటుతుంటే దూది తీసి బయటికి విసిరాడు.

"ఆ దినం బండి కట్టినా" అన్నాడు.

ఏ దినమని నేను అడగలేదు.

"ఈడిదాకా వచ్చినా. ఏం మొహం పెట్టుకొని పోతాండావురా అనిపిచ్చి తిప్పుకొని పోయినా. నీతో చెప్పలా."

బస్సు చప్పుడుకు ఇంకెవరికీ వినపడలేదు. నేను ఆయన చేతిమీద చేయి పెట్టాను. బస్సులో, అందరి ముందర. తీసేయలేదు.

సెప్టెంబర్ 13

ఆ మాట నాగికి నువ్వే చెప్పు అన్నాను. నోరు మానాక చెబుతానన్నాడు.

సెప్టెంబర్ 19, బుధవారం

ఇద్దరం పోయాం. నా సెట్ వచ్చింది. మాట్లాడితే గుర్రం సకిలించినట్టుందట. ఈయన నాగితో పెరట్లో కూర్చుని చెప్పాడు. నేను దగ్గరికి పోలేదు. వచ్చే వారం మా ఇంటికి రమ్మన్నాడని తరువాత నాగి చెప్పింది. మోకాళ్లు ఇలా ఉంటే బస్సెలా దిగుతానని భయపడుతోంది.

సెప్టెంబర్ 26, బుధవారం

నాగి వచ్చింది. బస్సు ఆగగానే ఈయన మా పూజగది పీట తెచ్చి మెట్టు కింద వేశాడు. నాగి దాని మీద కాలు పెట్టి దిగింది. వెనక కంటామె, మోకాలామె, కోడలామె, అందరూ వరసగా దాని మీదే దిగారు. ఎవరినీ తోయలేదు, ఎవరినీ లాగలేదు.

తరువాత ఈయన పీటను నెత్తిన పెట్టుకుని బజారంతా ముందర నడిచాడు. వెనక మేమిద్దరం.