గోరంట్లలో అక్క చివరి ఓటు

ఈరక్కకు తమ్ముడు హనుమంతరాయుడు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. ధర్మవరంలో మీరందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మోకాలి నొప్పి పెట్టుకుని మగ్గం గుంటలో దిగొద్దని బావకు చెప్పు. వినే మనిషి కాదనుకో.

నీ మనవరాలు పవిత్ర కాలేజీలో గోరంట్ల నియోజకవర్గం చరిత్ర రాస్తోందని, నాకు తెలిసింది చెప్పమని అడిగావు. ఒకప్పుడు గోరంట్లకు సొంత ఎమ్మెల్యే ఉండేవాడు. రోడ్డు కావాలన్నా బోరు కావాలన్నా పోయి ఆయన ఇంటిముందర కూర్చునేవాళ్ళం. 2004లో వేసిన ఓట్లే చివరివని మాకెవరికీ తెలియదు. తర్వాత నియోజకవర్గాలు తిరగరాసి మన మండలాన్ని పెనుకొండలో కలిపారు. ఊళ్ళో నాలుగు రోజులు గొణుక్కుని ఊరుకున్నారు.

ఇంకొకటి కూడా అడిగావు. "ఆ పొద్దు నా ఓటు ఎవురేసినారో నీకేమన్నా తెలుసునా? ఆడే కూర్చోనుంటివి గదా" అని. దానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను.

తెలుసక్కా. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నీ పేరు పుట్టినూరి ఓటర్ల జాబితాలోనే ఉంచమన్నావు. ప్రతి ఎన్నికకూ బస్సెక్కి వచ్చేదానివి. ఆ 2004లో మాత్రం పెళ్ళిచీరలు మగ్గం మీద ఉన్నాయి, రాలేనని కబురు పెట్టావు. నేను పోలింగ్ బూత్‌లో మా పార్టీ ఏజెంటును. వచ్చినవాళ్ళు ఎవరో గుర్తుపట్టి చెప్పడమే నా పని. నీ ఓటు ఊరికే పోతుందని మావాళ్ళు పక్క ఊరి ఆడమనిషిని తెచ్చి నిలబెట్టారు. ఎదుటి పార్టీ ఏజెంటు టీ తాగడానికి పోయి ఉన్నాడు. ఆఫీసరు అడిగితే "ఈమె మా అక్కే సార్" అన్నాను.

మూడు గంటలకు నువ్వు దిగావు. మనసాగక, కొత్తచెరువులో బస్సు మారి, ఎండలో నడుచుకుంటూ వచ్చావు. నీ ఓటు అయిపోయిందన్నారు. "నా పుట్టినూర్లో నా పేరు ఇంగొకామె వాడుకునిందా?" అని నా మొహం చూశావు. నువ్వే ఈరక్కవని ఒక్కరు గట్టిగా చెబితే ఆఫీసరు వేరే బ్యాలెట్ కాగితం ఇచ్చేవాడు. అలాంటి ఏర్పాటు ఉంది. ఆయన నావైపు తిరిగాడు కూడా. నేను జాబితాలోకి తల దించుకున్నాను.

"ఇంక ఆడ నాకేముండాది" అని ఆ ఏడే నీ పేరు ధర్మవరానికి మార్పించుకున్నావు. అది విని నేను ఏడ్చాను. ఏడ్చాను గానీ చెప్పలేదు.

పవిత్రను ఇది కూడా రాయమను, నా పేరు పెట్టే రాయమను. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, నన్ను క్షమించు. ఊరూ పేరూ తెలియని మనిషిని మా అక్క అన్నాను. నువ్వు ఎదురుగా నిలబడినప్పుడు ఆ మాట అనలేకపోయాను.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు
హనుమంతరాయుడు