నాలుగు నిమ్మకాయలు తొక్కించినందుకు

లక్ష్మీకాంత్,

నీ స్పోర్ట్స్ కారుకు సరిపోయే టైర్లు ధర్మవరంలో ఎవరి దగ్గరా లేవు. హిందూపురంలో ఒక షాపాయన బెంగళూరు నుంచి తెప్పించి పెట్టాడు. రేపు పొద్దున్నే పోయి వేయించుకో. చక్రాల అలైన్‌మెంట్ కూడా ఆడనే చేస్తారు. హిందూపురం చేరేదాకా నిదానంగా పో, ఆ అరిగిన టైర్లకు బ్రేకు నిలవదు.

నిన్న చిన్నాయన వాళ్ల ముందర "మా అక్క చెయ్యి పడినాకే టైర్లు ఇట్లయిపోయినాయి" అన్నావే, నేను నీ కారు నడిపింది ఒక్కసారే. ఆయుధ పూజ రోజు, ఇంటి ఆడపిల్ల తొక్కిస్తే మంచిదని అమ్మ అంటే, నాలుగు నిమ్మకాయల మీద నడిపాను. దానికే టైర్లు అరుగుతాయా?

నేను పంపిన టైర్ల ఫోటోలు చూసి షాపాయన ఏమన్నాడో విను. "లోపలి పక్కనే అరిగినాయమ్మా. బండి ఎత్తు తగ్గించినాక అలైన్‌మెంట్ చేయించకుండా తిప్పినారు." చూపుకు బాగుంటుందని ఎత్తు తగ్గించింది నువ్వు, నేను కాదు. చిన్నాయనకు ఫోన్ చేసి ఆ మాట నీ నోటితోనే చెప్పు. అంతదాకా నాతో మాట్లాడొద్దు.

హేమక్క

ఫ్రిజ్‌లో నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కొత్త టైర్లకు ఈసారి నువ్వే తొక్కించుకో. మళ్లీ అరిగితే ఎవరి పేరు చెబుతావో చూస్తా.