పిన్ని పంపిన మెసేజ్

చంటీ,

అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ బాగున్నావనే నమ్ముతున్నాను. ఫోన్లో చెబితే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నా ఫోను కోర్టు పంపిన మనిషి పట్టుకెళ్లాడు. మీ నాన్న ఫోనుంది కానీ, ఇది నీ గొంతు వింటూ చెప్పగలిగేది కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న కళ్లజోడు మార్పించుకోలేదు. విరిగిన కాడకి దారం చుట్టి, ఇంకో ఏడాది ఢోకా లేదంటున్నాడు. పేపరు మాత్రం నాచేత చదివించుకుంటున్నాడు. నువ్వు పంపిన స్వెటర్ పొట్ట దగ్గర కాస్త బిగువైంది. తప్పు స్వెటర్‌ది కాదులే.

పిన్ని ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. ఆవిడ ఫోనూ కోర్టులోనే ఉంది. అయితే అసలు కారణం అది కాదు, నేను.

రక్తసంబంధం లేకపోయినా, నా రాత్రి షిఫ్టుల రోజుల్లో నీకు జడలు వేసి బడికి పంపింది ఆవిడే. మా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్లో ఆవిడ చెయ్యి పడిందనీ, కంపెనీ మీద కేసు వేసిందనీ నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. మిషను చెడిందని ముందురోజే మెసేజ్ పెట్టానని పిన్ని అంటుంది. అలాంటిదేమీ రాలేదని కంపెనీ అంటుంది. ఆ మెసేజ్ పెట్టింది సూపర్‌వైజర్‌కి. అంటే నాకు.

ఈమధ్య కోర్టులకి కొత్త రూలు వచ్చింది. ఫోన్లలో, కంప్యూటర్లలో రాసుకున్నదంతా కాగితం సాక్ష్యంతో సమానమట. గొడవ మొదలైన క్షణం నుంచి దాన్ని ఎవరూ చెరపకూడదు, అడిగితే దాచకుండా ఇవ్వాలి. చెరిపినట్టు తేలితే ఆ చెరిపినవాళ్ల మాట కోర్టు నమ్మదు. కంపెనీ మాకిచ్చిన ఫోన్లలో ఉన్నదానికంతా ప్రతి సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లో ఒక నకలు పడుతుందని మాలో ఎవరికీ తెలియదు. కోర్టు అడిగితే అదంతా ఇవ్వాల్సొచ్చింది. మేం ఒకరికొకరం పంపుకున్న గుడ్ మార్నింగ్ గులాబీలన్నీ లాయర్లు కూర్చుని చూశారు. ఈ పూలు చూడ్డానికి కూడా ఫీజేమిటని ఓనరుగారు తల పట్టుకున్నారు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

పోయిన వాయిదాలో ఆ గులాబీల మధ్య నుంచి పిన్ని మెసేజ్ బయటికి తీసి, గుమాస్తా పైకి చదివాడు. "అక్కా, ఆపే తాడు లాగితే రోలర్ ఆగట్లేదు. బాగుచేసేదాకా నడపొద్దు." దాని కింద నా జవాబు. "హోటలు దుప్పట్లు పొద్దున్నే వెళ్లాలి. ఈ ఒక్క పూటకి సర్దుకుపో." చివర నేను పెట్టిన బొమ్మని కూడా వదల్లేదు, "నవ్వుతున్న ముఖం" అని చదివాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

నా ఫోన్లో అది ఎందుకు లేదని జడ్జిగారు అడిగారు. బొమ్మలతో ఫోన్ నిండిపోతే అందరం ఖాళీ చేస్తుంటామండీ, అలా పోయుంటుందన్నాను. తడుముకోకుండా వచ్చింది అబద్ధం. తర్వాత పిన్ని ఫోన్ సంగతి. అందులోంచి కూడా ఆ మెసేజ్ చెరిపేశారనీ, చెరిపింది దెబ్బ తగిలిన రోజు మధ్యాహ్నమనీ తేలింది. అప్పుడు ఫోను ఎవరి దగ్గరుందని అడిగారు. పిన్ని నావైపు చూసింది. చూపు తిప్పుకుని, "నొప్పిలో ఉన్నానండీ, గుర్తులేదు. నేనే నొక్కేశానేమో" అంది.

చెరిపింది నేనే చంటీ.

ఆసుపత్రి మంచం మీద, మత్తు కళ్లతో, ఇంటికి కబురు చెప్పమని తన ఫోను తనే నా చేతిలో పెట్టింది. చంటికి మాత్రం చెప్పకు, కంగారుపడుతుందంది. నేను వరండాలోకి వెళ్లి వాళ్లింటికి కబురు చెప్పాను, ఆ వెంటనే ఆ రెండు మెసేజ్‌లూ ముందు తన ఫోన్లోంచి, తర్వాత నా ఫోన్లోంచి చెరిపేశాను. వెనక్కి వచ్చి ఫోను దిండు కింద పెట్టి, తల నిమిరాను. ఓనరు చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ కుర్చీ పోతుందని భయం, అంతే.

అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. ఆ మెసేజ్ తను కలగన్నదేనని అందరూ అంటుంటే, ఒకరోజు పిన్ని నన్నే అడిగింది. "నిజంగా పంపానా అక్కా, పంపాలనుకుని ఊరుకున్నానా? నాకే మతి పోతోందా?" మందులకి అలాగే ఉంటుంది, ఎక్కువ ఆలోచించకు అన్నాను. కాఫీ కూడా కలిపిచ్చాను. ఆ కాఫీ తాగుతూ నాకు థ్యాంక్స్ చెప్పింది.

ఇప్పుడు కంపెనీ లాయరు ఆ కొత్త రూలునే పిన్ని మీదికి తిప్పాడు. తన ఫోన్లోది తనే చెరుపుకున్న మనిషి ఇంకేం చెరిపిందో ఎవరికి తెలుసు, ఆవిడ మాట నమ్మొద్దు, కేసు కొట్టేయండి అంటున్నాడు. ఎల్లుండి తీర్పు. నేను నోరు విప్పకపోతే, ముడవడం రాని ఆ చేతికి నయాపైసా రాదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. కూర్చోమనలేదు. చెప్పాల్సిందంతా గుమ్మం దగ్గరే చెప్పాను. చెరిపిన వేళ బయటపడ్డప్పుడే తెలిసిపోయిందంది. మరి కోర్టులో నన్ను ఎందుకు కాపాడావన్నాను.

"నిన్నెవరు కాపాడారు? తల్లి ఇలాంటిదని చంటికి కోర్టు కాగితాల్లోంచి తెలియకూడదనుకున్నాను" అంది. తలుపు రెక్క పట్టుకుని, "ముందు దానికి చెప్పు. కోర్టుకి తర్వాత చెబుదువుగాని" అని తలుపు వేసేసింది.

అందుకే రాస్తున్నాను తల్లీ. ఇది నీకు చేరేసరికి జడ్జిగారి ముందు నిలబడి అంతా చెప్పేసి ఉంటాను. ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. నువ్వు సెలవు పెట్టి రావద్దు. నలుగురిలో నన్ను వెనకేసుకురావద్దు కూడా. ఒకవేళ వస్తే నేరుగా పిన్ని ఇంటికే వెళ్లు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ