ముప్పై రెండో బొమ్మ

1943 జనవరి 22

మద్రాసు నుంచి ఉత్తరం. నాకు! బడికే వచ్చింది, ప్యూను అందరి ముందూ చేతికిచ్చాడు. గట్టిగానే చదివాను, వినబడాలనే.

రాసింది ఆచారి గారు, అక్కడ చిత్రకళ నేర్పుతారు. ఇరవై ఏళ్ళ కిందటి బొమ్మల ప్రదర్శన కేటలాగు ఒకటి వెతుకుతున్నారట. ఎప్పుడో అచ్చు ఆగిపోయింది. తమ దగ్గరి ప్రతి నిరుడు జపాను బాంబుల భయానికి మద్రాసు ఖాళీ అయినప్పుడు ఎటో పోయిందట. నరసరావుపేటలో ఒక డ్రాయింగు మాస్టరు దగ్గర ఉన్నట్టు తెలిసిందట... హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మరీ నన్ను చూశారు.

జనవరి 25

జవాబు రాసేశాను. "ఉన్నది. ముప్పై రెండు బొమ్మలూ చెక్కుచెదరలేదు. పంపను. వచ్చి చూసుకోగలరు." పంపను అన్న మాట కింద గీత గీశాను. రత్తమ్మ చూసి — "అంత తలబిరుసు ఏందండీ, పెద్దాయనకి?"

తలబిరుసే. మా ఆవిడకేం తెలుసు. ఎప్పుడూ మనమే మద్రాసు పోవాలా?

జనవరి 28

ట్రంకు పెట్టెల్లో వేపాకు మార్చాను. ఈ జిల్లాలో ఇన్ని బొమ్మల పుస్తకాలు ఇంకో ఇంట్లో లేవు. ఉంటే చూపించమనండి.

ఆ కేటలాగు దొరికింది చిలకలూరిపేటలో. మద్రాసు నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం తిరిగి వెళుతూ కాగితాల గుట్ట వదిలేసింది. బొగ్గుతో నడిచే బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. కండక్టరు — "పైన ఎయ్యండి మాస్టారూ." నన్ను వెయ్యి పైన, దీన్ని కాదు అన్నాను.

ఫిబ్రవరి 2

వస్తున్నారు! పద్నాలుగో తేదీ, ఆదివారం. కేటలాగును మళ్ళీ అచ్చు వేస్తారట. ఒక్క బొమ్మ తక్కువైనా వేయరట. తక్కువ అవడమేమిటి, నా దగ్గర!

ఫిబ్రవరి 3

ముప్పై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటే. చివర తెగిన దారం...

ఫిబ్రవరి 4

పొద్దున్నే ఇల్లెగిరేలా అరిచాను. రత్తమ్మ మీద, ఎలుకల మీద, రత్తమ్మ పుట్టింటి వాళ్ళ మీద. మా అమ్మ చింతపండు గింజలు తీస్తూ అంతా విని — "ఏం బొమ్మరా అది?"

చివరి జాబితా చూసి చెప్పాను. బిందె ఎత్తుకున్న ఆడమనిషి.

అమ్మ లోపలికి వెళ్ళి కాగితాల గుజ్జు బుట్ట తెచ్చింది. అందులోని కందులు చాప మీద పోసి, బుట్ట నా వైపు తిప్పింది. పక్కన అంటించి ఉంది — ముప్పై రెండో బొమ్మ.

నిరుడు ఆ మూట విప్పి ఏరింది నేనే. ఊడిన కాగితం, పేరు లేదు, నంబరు లేదు. "చెత్త, గుజ్జుకు వాడుకో" అని అమ్మ ముందు పడేసింది నేనే. మిగతా చెత్తంతా అమ్మ నానబెట్టి, మెంతులు కలిపి దంచి బుట్ట వేసింది.

"ఇదొక్కటీ దంచబుద్ధి కాలేదురా. నడుం చూడు ఎట్టా ఒంగిందో. బరువంతా ఆడనే ఉంది. గీసినోడెవడోగాని, నీళ్ళు మోసే ఆడోళ్ళని చానా చూసినోడు."

పద్దెనిమిదేళ్ళుగా డ్రాయింగు మాస్టరును. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 6

తడిగుడ్డతో అంచు లేపబోయాను. అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. "తడి తగిల్తే బుట్టా పోద్ది, బొమ్మా పోద్ది. ఉండనియ్యి."

మద్రాసుకు ఏమని రాయను? చెక్కుచెదరలేదు అని రాసిన చెయ్యి ఇది. రాయలేదు.

ఫిబ్రవరి 14

వచ్చారు. చేతులు కడుక్కుని మరీ పుస్తకం పట్టుకున్నారు — మనిషి నచ్చాడు. ముప్పై ఒకటో బొమ్మ దగ్గర తలెత్తారు. అమ్మే బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

ఆయన కుర్చీ దిగి నేల మీద కూర్చున్నారు. బుట్టను వెలుతురు వైపు తిప్పుకుని చూశారు. ఎందుకు దాచారమ్మా అని అడిగితే, అమ్మ నడుం సంగతి, బరువు సంగతి మళ్ళీ చెప్పింది. జేబులోంచి నోటు పుస్తకం తీసి రాసుకున్నారు! అప్పటిదాకా నేను ఎన్ని చెప్పాను... ఒక్క ముక్క రాసుకోలేదు.

బుట్ట కోయవద్దన్నారు. ఫోటో తీసే మనిషిని పంపుతారట, దాన్నిబట్టే అచ్చు వేస్తారట. రైలెక్కేముందు అమ్మకు దణ్ణం పెట్టారు.

ఫిబ్రవరి 15

బడిలో చెప్పాను. మద్రాసాయన మా ఇంట్లో నేల మీద కూర్చున్నాడని చెప్పాను. ఎందుకు కూర్చున్నాడో చెప్పలేదు.

ఫిబ్రవరి 22

ఉత్తరం. ఏ బొమ్మ ఎవరి సేకరణలోదో కొత్త పుస్తకంలో పేరుతో సహా వేస్తారట. ముప్పై ఒకటీ నా పేరున. చివరిదానికి మీ పేరా, అమ్మగారి పేరా? మీరు ఏది రాస్తే అదే వేస్తాం అన్నారు.

అమ్మకు చదివి వినిపించాను. "నా పేరెందుకురా అబ్బాయ్. పుస్తకాలు నీయి, నీదే ఏయించుకో." మనస్ఫూర్తిగానే అంది. అదే కష్టంగా ఉంది.

ఎంత గర్వంగా ఉందో రాయకుండా ఉండలేను. అక్షరం రాని మనిషి. ఆ చూపు చూడు! ఈ పల్నాట ఇంకెవరి తల్లికుంది?

అయినా ముప్పై రెంటికీ నా పేరే ఉంటే... ఎంత నిండుగా ఉంటుందో.

ఫిబ్రవరి 23

రెండు జవాబులు రాశాను. ఒకదాంట్లో నా పేరు. ఒకదాంట్లో అమ్మ పేరు, కోటమ్మ. రెండోదాంట్లోనే అక్షరాలు బాగా కుదిరాయి.

ఫిబ్రవరి 25

కోటమ్మ పేరున్నది కవరులో పెట్టి అంటించాను. పోస్టాఫీసు దాకా వెళ్ళాను. పోస్టుమాస్టరు — "మద్రాసోళ్ళకేనా మాస్టారూ? ఈసారేం రాశారు?"

ఎప్పుడూ నోరు కట్టుకోలేని నేను, ఏమీ చెప్పలేదు. డబ్బా ముందు నిలబడ్డాను. ఎండ మండిపోతోంది.

కవరు ఇంకా జేబులోనే ఉంది. నా పేరు రాసిన ఉత్తరం కూడా చింపలేదు.