లక్ష్మణ్ వంతు బండ

కరీంనగర్ జిల్లాకు చెంది, ప్రస్తుతం బహ్రెయిన్ దేశం గుదైబియాలో కిరాయి గదిలో ఉంటూ, తుబ్లీలో రాళ్లు కోసే కార్ఖానాలో పనిచేస్తున్న, కీ.శే. జక్కుల పోచయ్య పెద్దకొడుకు రాజలింగు అను నేను, పూర్తి సోయితో, ఒకరి బలవంతం లేకుండా చెప్పి రాయించిన వీలునామా. రాళ్ల దుమ్ముకు నా ఊపిరితిత్తులు పాడైనయి. డాక్టరు ఇంటికి పొమ్మన్నడు. టికెట్ దొరికేదాక ఆగుతనో లేదో తెల్వదు గనుక ఇప్పుడే రాయిస్తున్న. గదిలో ఉండే లోవరాజుది కాకినాడ దిక్కు. నా మాటను నా మాటలెక్కనే రాస్తనన్నడు.

1. మా నాయన మా ముగ్గురు అన్నదమ్ములకు సమంగా ఇచ్చిపోయిన పట్టా భూమిలో పంట పండదు, గ్రానైటు బండ ఉంది. మేము పంచుకోలేదు. ఒక క్వారీ కంపెనీ లీజుకు అడిగి, ముగ్గురి సంతకాలు కావాలన్నది. నేను పెట్టిన. నడిపి తమ్ముడు మల్లేష్ పెట్టిండు. చిన్నోడు లక్ష్మణ్ సంతకం పెట్టడానికి మనిషి లేడు.

2. లక్ష్మణ్‌ను దుబాయికని (మా దిక్కు గల్ఫంత దుబాయే) ఈ దేశం తీసుకొచ్చింది నేనే. వాని కంపెనీ జీతమియ్యక సతాయిస్తే, పాస్‌పోర్టు వీసా ఇప్పించిన కఫీల్ దగ్గరే వదిలేసి బయటపడి, దొరికిన పని చేసుకున్నడు. ఒకనాడు ఫోన్ చేసి, “అన్నా, మంచి పని దొరికింది. జుమ్మా సెలవునాడు నీ రూముకొస్త, కోడికూర వండు” అన్నడు. వండిన. రాలేదు. మళ్ల ఫోన్ కలవలేదు. ఠాణాలు, జైళ్లు, క్యాంపులు తిరిగిన. దవాఖానలో ఒక శవాన్ని చూపించిండ్రు. మావోడు కాదు. సంబురపడ్డ. బయటికొచ్చినంక, లోపల పండుకున్నోడు ఎవరి తమ్ముడో అని గోడకానుకొని ఏడ్చిన. మనామా సూక్ బజార్ల వెనుకనుంచి వానిలెక్క కనబడ్డోళ్లను ఇప్పటికీ పిలుస్తనే ఉన్న. వాళ్లు తిరిగి చూస్తరు, నేను “మాఫ్ కరో భాయ్” అంట.

3. సంతకం సంగతి కోర్టుకు పోయింది. జాడలేని మనిషి వంతు బండకు జడ్జిగారు వకీలు సోమేశ్వరరావు గారిని రిసీవరుగా పెట్టిండ్రు. లక్ష్మణ్ బదులు లీజు మీద ఆయనే సంతకం చేసిండు. ఆ వంతుకొచ్చే పైసలు లక్ష్మణ్ పేరుమీదనే కోర్టులో జమైతున్నయి. నేను సెలవుకు పోయినప్పుడు ఆయన నాతో, “నేను యజమానిని కాదు రాజలింగు, కాపలాదారుణ్ణి. మీ తమ్ముడొచ్చిన రోజు నా పని అయిపోతుంది” అన్నడు. వాడు వస్తడన్నట్టు మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే. మా గదిలో చలికాలం కప్పుకునే నా కొత్త కంబళి ఆయనకు ఇయ్యవలెను. ఆయన వద్దన్నా ఇయ్యవలెను.

4. లక్ష్మణ్ జాడ లేక ఏడేండ్లు దాటినంక, వాని పెండ్లాం వినోదకు మల్లేష్ చెప్పిండట, “మనిషి లేడని కోర్టులో దరఖాస్తు పెట్టు, ఆ వంతు నీకే వస్తది” అని. ఏడేండ్లు జాడలేనోడు సచ్చినట్టే లెక్కట, వాని చట్టం వాడు సరిగ్గనే చెప్పిండు. వినోద బీడీలు చేసి బతుకుతున్నది, పిల్లలు లేరు. దరఖాస్తు రాసే వేరే వకీలు దగ్గరికి పోయి, కాగితం ముందట కూచొని, ఆమె అన్నదట: “సచ్చిండని ఎవరన్న చెప్తే ఏడుస్త సారు. ఎవరూ చెప్తలేరు. నేనే చెప్పాల్నా?” సంతకం పెట్టకుంటనే లేచొచ్చింది.

5. మల్లేష్ మా అమ్మానాయనల ఫొటోల పక్కన లక్ష్మణ్ ఫొటో పెట్టి దండ వేసిండు. సెలవుకు పోయినప్పుడు ఆ దండ నేనే తీసిన. రెండేండ్లు మాట్లాడుకోలేదు. వానికి నా చేతిగడియారం ఇస్తున్న. దండ మాత్రం మళ్ల వేయరాదు.

6. నా ఇల్లు, నా కష్టంతో కొన్న చెరువు కింది పొలం నా భార్య ముత్తెమ్మకు చెందవలెను. ఆమెతో కాపురం ఫోనులోనే ఎక్కువ చేసిన. ఆమె గొంతు విననిదే నాకు నిద్ర పట్టేది కాదని ఎన్నడూ చెప్పలేదు, ఇక్కడ రాయిస్తున్న.

7. బండలో నా వంతు, దాని మీద వచ్చే లీజు రాబడి సర్వహక్కులతో వినోదకు చెందవలెను. ముత్తెమ్మను అడిగే ఇస్తున్న. ఆమె, “మనకు బువ్వకు కొదువ లేదు. కడుపు కోసం ఆ పిల్ల అసొంటి మాట మీద సంతకం పెట్టొద్దు” అన్నది.

8. లక్ష్మణ్ వస్తే, వాని వంతు వానిదే. ఎక్కడున్నవురా, ఎందుకు రాలేదని ఎవరూ అడుగరాదు. ముందు అన్నం పెట్టవలెను.

9. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత ముత్తెమ్మది.

10. ఇది వినోదకు. నా వంతు తీసుకున్నందుకు నువ్వు ఎదురుచూడాలని షరతు లేదు. ఒకనాడు నీకే చాలనిపిస్తే, పోయి ఆ దరఖాస్తు పెట్టుకో. ఇంకో మనిషిని చేసుకుంటనన్నా, నా తరఫున ముత్తెమ్మ నీ పక్కన నిలబడుతది. నిన్ను ఒక్కమాట అనే హక్కు మా ఇంట్ల ఎవరికీ ఇస్తలేను.

చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని, 2024 నవంబరు 15న గుదైబియాలో చేసిన సంతకం:
జక్కుల రాజలింగు

సాక్షులు: అప్పాజీ, మణికుమార్
దస్తూరి: లోవరాజు